గణిత పాఠంలో కళ: ముగ్గు, తాళం, ఛందస్సు ఎక్కడ పనికొస్తాయి

కళలను విడి సబ్జెక్టుగా ఒక మూల ఉంచకుండా మిగతా పాఠాల బోధనలోకి తీసుకురావాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. ఆ వెంటే సీబీఎస్ఈ 2020–21 విద్యా సంవత్సరం నుంచి ఒకటి మొదలు పదో తరగతి వరకు కళలతో ముడిపడిన ప్రాజెక్టులను తప్పనిసరి చేసింది. రాష్ట్రాలను జతలు చేసి ఒకరి సంస్కృతిని ఒకరికి పరిచయం చేసే ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమంలో తెలంగాణకు జతగా వచ్చిన రాష్ట్రం హర్యానా. దాంతో హైదరాబాదులోని సీబీఎస్ఈ బడుల పిల్లలు హర్యానా జానపద చిత్రాలను ఇంటర్నెట్‌లో వెతికి, జిరాక్స్ సెంటర్‌లో రంగు ప్రింట్లు తీయించి, వాటి పక్కన త్రికోణమితి సూత్రాలు రాసి, చుట్టూ మెరుపు కాగితం అతికించి ఇవ్వడం మామూలైపోయింది. రాష్ట్ర సిలబస్ బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం కింద వచ్చే ప్రాజెక్టు పనుల పరిస్థితీ దీనికి పెద్ద భిన్నంగా లేదు. థర్మోకోల్ మీద కత్తిరించిన పైథాగరస్ త్రిభుజం, స్కెచ్ పెన్నులతో దిద్దిన సూత్రాల చార్టు, పూల అంచుల మధ్య రామానుజన్ బొమ్మ బడి గోడల నిండా కనిపిస్తాయి. వాటిలో సగం అమ్మానాన్నలు రాత్రి పదకొండింటికి కూర్చుని చేసినవేనన్నది అందరికీ తెలిసిన రహస్యం.

ఈ పనుల్లో కళ ఉందా అంటే కొంత ఉంది, గణితం ఉందా అంటే కాగితం మీద అదీ ఉంది. ఆ రెంటికీ మధ్య సంబంధం మాత్రం లేదు. త్రిభుజం చుట్టూ వేసిన పూల తీగ వంకర పోయినా పైథాగరస్ సిద్ధాంతానికి ఏమీ కాదు, సూత్రంలో వర్గం గుర్తు ఎగిరిపోయినా పూల తీగ అందం తగ్గదు. గణిత పాఠంలోకి ఏ కళను తేవచ్చో, దేన్ని తేకూడదో తేల్చడానికి ఇక్కడే ఒక కొలమానం దొరుకుతుంది. లెక్క తప్పినప్పుడు ఆ తప్పును కళే బయటపెట్టాలి. చుక్క ఒకటి తక్కువైతే ముగ్గు కలవదు, అక్షరం ఒకటి ఎక్కువైతే తాళం తప్పుతుంది, లఘువు (పొట్టి అక్షరం) ఉండాల్సిన చోట గురువు (సాగదీసి పలికే అక్షరం) పడితే పద్యం నడక చెడుతుంది. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో దిద్దేలోగానే పిల్లవాడికి తన తప్పు కంటికో చెవికో తెలిసిపోతుంది. ఈ గుణం ఉన్న కళలు తెలుగువారికి కావలసినన్ని ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఖర్చులేనివి కూడా.

వీటిలో అన్నిటికన్నా దగ్గరగా చూడదగ్గది ముగ్గు. చుక్కల ముగ్గు వేసేవారు దాన్ని చెప్పే పద్ధతే సగం గణితం. ‘ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క’ అంటే మధ్య వరసలో ఏడు చుక్కలు పెట్టి, దానికి పైనా కిందా ఒక్కో వరసకు ఒక్కో చుక్క తగ్గించుకుంటూ, ప్రతి చుక్కనూ పక్క వరసలోని రెండు చుక్కల సందుకు ఎదురుగా పెడుతూ, నాలుగు చుక్కల వరస దగ్గర ఆపాలని అర్థం. మొత్తం ఎన్ని చుక్కలని అడిగితే 7 + 2 × (6 + 5 + 4), అంటే 37. అదే పద్ధతిలో ‘అయిదు, మూడు వరకు’ వేస్తే 19, ‘మూడు, రెండు వరకు’ వేస్తే 7, ఒక్క చుక్కే పెడితే 1. ఆరో తరగతి పిల్లలు ఈ నాలుగు సంఖ్యలను వరసగా రాసి, 1, 7, 19, 37ల మధ్య తేడాలు 6, 12, 18 అని చూడగానే తర్వాతి ముగ్గులో 61 చుక్కలుంటాయని తమంతట తామే చెప్పగలుగుతారు. ఆ తర్వాత అదే సంఖ్యలను మొదటి నుంచి కూడుతూ పోతే 1, 8, 27, 64 వస్తాయి, ఇవన్నీ ఘన సంఖ్యలు.

చదునుగా నేల మీద వేసిన చుక్కల్లోకి ఘనం ఎలా వచ్చిందన్న ప్రశ్న దగ్గర పాఠం నిజంగా మొదలవుతుంది. దీనికి జవాబు చాలా ఇళ్లలో పిల్లల చేతుల్లో తిరిగే రూబిక్ క్యూబులో ఉంది. దాన్ని ఒక మూల కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకుంటే మూడు ముఖాలు కనిపిస్తాయి, దాని అంచు గీతలు ఈ ముగ్గు అంచులాగే షడ్భుజిలా ఉంటాయి. అప్పుడు కంటికి కనిపించే చిన్న ఘనాలను లెక్కపెడితే 19. మొత్తం 27 స్థానాల్లో వెనక దాగినవి 8, అంటే రెండు ఘనం. కాబట్టి 19 అంటే మూడు ఘనంలోంచి రెండు ఘనం తీసివేయగా మిగిలినది. అలాగే 37 అంటే 64లోంచి 27 పోగా మిగిలినది. సంక్రాంతి పత్రికల్లో తరచూ కనిపించే ‘పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు’ ముగ్గుకు 169 చుక్కలు కావాలని వరసలు కూడకుండానే, 512లోంచి 343 తీసివేసి చెప్పేయవచ్చు. సరి చుక్క ముగ్గులో, అంటే చుక్కకు ఎదురుగా చుక్క పెట్టి ప్రతి వరసకూ రెండేసి తగ్గించే ముగ్గులో, సంఖ్యల తీరు మారిపోతుంది. ‘ఏడు, ఒకటి వరకు’ వేస్తే 25 చుక్కలు వస్తాయి. అది మూడు వర్గం, నాలుగు వర్గాల మొత్తం. వరసలను అడ్డంగా కాకుండా ఏటవాలుగా లెక్కపెడితే ఆ రెండు చదరాలూ ఒకదాని సందుల్లో ఒకటి ఇమిడి ఉన్నట్టు స్పష్టంగా కనబడతాయి.

మెలికల ముగ్గు ఇంకా లోతైనది. ఇందులో గీత చుక్కలను కలపదు, వాటి చుట్టూ తిరుగుతుంది. పక్కపక్క చుక్కల మధ్య గీతలు ఒకదాన్నొకటి దాటి, అంచుకు చేరినప్పుడు వెనక్కి మెలిక తిరిగి, చివరకు బయలుదేరిన చోటికి వచ్చి కలుస్తాయి. దీర్ఘచతురస్రంగా పెట్టిన చుక్కల మీద ఇలాంటి ముగ్గును చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో పూర్తి చేయవచ్చా అన్నది పిల్లలకు వేయదగిన ప్రశ్న. మూడు వరసల్లో నాలుగేసి చుక్కలైతే ఒక్క గీతతో పూర్తవుతుంది. మూడు వరసల్లో మూడేసి అయితే కాదు, మూడు విడి గీతలు కావాలి. నాలుగు వరసల్లో ఆరేసి అయితే రెండు గీతలు. గళ్ల నోటుబుక్కులో ఇలాంటివి ఓ అరడజను వేయించి పట్టిక రాయిస్తే, కావలసిన గీతల సంఖ్య ప్రతిసారీ ఆ రెండు సంఖ్యల గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) అవుతుందని ఎవరో ఒకరు పసిగడతారు. ఆఫ్రికాలో అంగోలా ప్రాంతపు చోక్వే ప్రజలు ఇసుకలో చుక్కలు పెట్టి వేసే ‘సోనా’ చిత్రాల్లోనూ ఇదే సూత్రం ఉందని, మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలస్ గెర్డెస్ వివరంగా చూపించారు. మన పొరుగున మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్‌లతో కలిసి 1974లోనే ఈ ముగ్గులను కంప్యూటర్ భాషల వ్యాకరణ నియమాలతో వర్ణించారు. వాకిట్లో వేసే ముగ్గు కంప్యూటర్ శాస్త్ర పత్రికకు ఎక్కి అర్ధ శతాబ్దం దాటినా గ.సా.భా. పాఠం దాకా రాకపోవడం ఆశ్చర్యమే.

గ.సా.భా. అని కనిపెట్టడంతో పని అయిపోదు, ఎందుకన్నది తేలాలి. ప్రతి చుక్క చుట్టూ గీత నాలుగు చిన్న ముక్కలుగా, డైమండ్ ఆకారంలో ఉంటుందని చూపిస్తే చాలు. నాలుగు వరసల్లో ఆరేసి చుక్కలున్న ముగ్గులో ఉన్న చిన్న ముక్కలు 4 × 24, అంటే 96. ఒక గీత ఏటవాలుగా బయలుదేరి, నిలువుగా నాలుగు చుక్కల మేర పోయి మళ్లీ మొదటి స్థితికి రావడానికి 16 ముక్కలు, అడ్డంగా ఆరు చుక్కల మేర పోయి రావడానికి 24 ముక్కలు పడతాయి. నిలువుగా, అడ్డంగా రెండు విధాలా ఒకేసారి బయలుదేరిన స్థితికి చేరేది 48 ముక్కలకు, అంటే 16, 24ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) దగ్గర. ఒక గీత 48 ముక్కలను మింగేస్తే మిగిలిన 48 కోసం ఇంకో గీత కావాలి. రెండు సంఖ్యల లబ్ధం వాటి గ.సా.భా., క.సా.గు.ల లబ్ధానికి సమానమని పుస్తకంలో చట్రం కట్టి అచ్చువేసే సూత్రం ఇక్కడ ముగ్గు రూపంలో నేల మీద పరుచుకుని ఉంటుంది. సూత్రాన్ని వల్లె వేసిన పిల్లవాడికి అది పరీక్షలో ఒక మార్కు, గీతల ముక్కలను లెక్కపెట్టిన పిల్లవాడికి దానికి కారణం కూడా తెలుస్తుంది.

ఈ పాఠంలో ఒక క్రమం తప్పనిసరి. గీయకముందే ఎన్ని గీతలు పడతాయో అంచనా రాయించాలి. ఆ తర్వాత గీయించాలి. అంచనా తప్పితే ఎక్కడ తప్పిందో వెతికించాలి. చివరగా ముగ్గును పక్కన పెట్టి అంకెలతో, అక్షరాలతో అదే విషయాన్ని రాయించాలి. మొదటి మెట్టు వదిలేస్తే అది డ్రాయింగు పీరియడ్ అవుతుంది, చివరి మెట్టు వదిలేస్తే పిల్లలకు ముగ్గు గుర్తుంటుంది గాని గ.సా.భా. గుర్తుండదు. మనిషికి గుర్తుండేది తాను దేని గురించి ఆలోచించాడో అదే గనక, పీరియడంతా రంగుల ఎంపిక గురించి ఆలోచించిన పిల్లవాడు రంగులనే ఇంటికి పట్టుకుపోతాడు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో రంగులకు చోటే ఉండకూడదన్నది కొంత కఠినంగా వినిపించవచ్చు, కానీ ముగ్గు పాఠానికి తెల్ల సుద్ద ఒక్కటే సరిపోతుంది.

తాళం విషయంలో చెవి అదే పని చేస్తుంది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. తరగతిలో సగం మంది ఈ ఎనిమిదిని చేత్తో వేస్తుండగా మిగతా సగం ‘తకతకిట’ అని అయిదక్షరాల జతిని (తాళానికి పలికే అక్షరాల కట్టను) ఆపకుండా పలికితే, రెండు జట్ల మొదళ్లూ మళ్లీ కలిసేది నలభయ్యో అక్షరం ముగిశాక. అయిదు బదులు ‘తకధిమి’ అని నాలుగు పలికితే ఎనిమిదికే కలుస్తాయి. ‘తకిట తకధిమి’ అని ఏడు పలికితే యాభై ఆరు దాకా ఆగాలి. క.సా.గు.ను భాగహారపు నిచ్చెన మీద నేర్చుకున్న పిల్లలకు అది రెండు చక్రాలు మళ్లీ ఎప్పుడు కలుస్తాయన్న ప్రశ్నకు జవాబని ఇక్కడ వినబడుతుంది.

ఇంతకన్నా రుచికరమైన లెక్క తీర్మానంలో ఉంది. ఒక జతిని మూడుసార్లు పలికి, మధ్యలో రెండుసార్లు సమానమైన విరామం ఇచ్చి, సరిగ్గా తాళం మొదటి దెబ్బకు చేరడం కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి అలవాటైన పని. జతికి అ అక్షరాలు, విరామానికి ఆ అక్షరాలు అనుకుంటే, తాళం మొదటి దెబ్బ మీద మొదలుపెట్టిన తీర్మానంలో 3అ + 2ఆ అన్న మొత్తం ఎనిమిది గుణిజం కావాలి. నాలుగక్షరాల జతికి రెండక్షరాల విరామమిస్తే పదహారు, రెండు ఆవర్తాలకు, అంటే తాళం రెండు చుట్లకు, చక్కగా కూర్చుంటుంది. ఆరక్షరాల జతికి మూడు విరామమైతే ఇరవై నాలుగు. అయిదక్షరాల జతికి ఎంత విరామమిచ్చినా కుదరదు. మూడు అయిదులు పదిహేను బేసి, దానికి సరి సంఖ్య ఎంత కలిపినా బేసే, ఎనిమిది గుణిజం ఎన్నడూ బేసి కాదు. అమీర్‌పేటలోనో, మలక్‌పేటలోనో సాయంత్రం పూట నాట్యం క్లాసుకు వెళ్లే పిల్లలకు ఇది కాళ్లకు తెలిసిన సంగతే. అరక్షరం విరామం వాడో, తాళం మధ్యలో ఎత్తుగడ మార్చో గురువులు దీన్ని దాటిస్తారు. కాళ్లకు తెలిసినది నోటుబుక్కులోకి రావడమే బీజగణితం.

ఇక్కడ ఒక అపోహను పక్కకు నెట్టాలి. సంగీతం నేర్పిస్తే పిల్లలకు లెక్కలు వాటంతటవే వస్తాయన్న ప్రచారం హైదరాబాదు బడుల ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. పరిశోధన దీన్ని బలపరచలేదు. హార్వర్డ్‌లో ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం తరఫున ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 2000లో జల్లెడ పట్టి, తరగతి గది నాటకం భాషా నైపుణ్యాలను పెంచుతుందన్నటువంటి కొన్ని తప్ప, కళలు నేర్వడం వల్ల మిగతా సబ్జెక్టుల మార్కులు పెరుగుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. జొవాన్నీ సాలా, ఫెర్నాండ్ గోబే 2020లో సంగీత శిక్షణ అధ్యయనాలను కలిపి చూసి, పద్ధతి పటిష్ఠంగా ఉన్న అధ్యయనాల్లో చదువు మీద ప్రభావం దాదాపు సున్నా అని చూపారు. కాబట్టి మృదంగం క్లాసు గణితం ట్యూషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. తీర్మానాన్ని సమీకరణంగా రాయించే పాఠం వేరు సంగతి, ఎందుకంటే అక్కడ పిల్లవాడు నేర్చుకుంటున్నది గణితమే.

తెలుగు బడికి ప్రత్యేకంగా దక్కిన సంపద ఛందస్సు. ఉన్నత పాఠశాల తెలుగు పాఠాల్లో గురులఘువులు, గణాలు ఉండనే ఉంటాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టి గణ విభజన రాసి మార్కులు తెచ్చుకుంటారు. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయని తెలుగు మాస్టారు అడగరు, అది లెక్కల విషయమని. లెక్కల మాస్టారు అడగరు, అది తెలుగు విషయమని. ప్రతి స్థానంలో గురువో లఘువో రెండే అవకాశాలు, స్థానాలు మూడు, కనుక 2 × 2 × 2. మాత్రలతో, అంటే పలకడానికి పట్టే కాలంతో, లెక్కపెడితే ఇంకో తీరు వస్తుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఒక మాత్రను ఒకే విధంగా, రెండు మాత్రలను రెండు విధాలుగా, మూడింటిని మూడు విధాలుగా, నాలుగింటిని అయిదు విధాలుగా, అయిదింటిని ఎనిమిది విధాలుగా నింపవచ్చు. చివర లఘువు పెడితే ఒక మాత్ర తక్కువ వరసలన్నీ, గురువు పెడితే రెండు మాత్రలు తక్కువ వరసలన్నీ వస్తాయి గనక ప్రతి సంఖ్యా ముందున్న రెండింటి మొత్తమవుతుంది. ప్రపంచం ఫిబొనాచీ పేరుతో పిలిచే ఈ వరసను ఆయన 1202లో రాయడానికి ఎంతో ముందే ఛందస్సు లెక్కల్లో ప్రాచీన ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, 1150 ప్రాంతంలో హేమచంద్రుడు చెప్పి ఉన్నారు. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త గణిత పాఠ్యపుస్తకాల్లో విరహాంకుడి పేరు ఇప్పుడు కనిపిస్తోంది. అయితే ప్రాకృత, సంస్కృత మాత్రల కథగా చెప్పి వదిలేస్తే తెలుగు పిల్లవాడికి అదీ ఒక చరిత్ర ముక్కే. వాడు నోటితో చదివే పద్యంలోకి దాన్ని తేవాలి.

ఆటవెలది పద్యాన్ని తీసుకుంటే, మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. సూర్యగణాలంటే హగణం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). ఇంద్రగణాలంటే నల, నగ, సల, భ, ర, త. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికీ పాదం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పొంతన, కుదరాలి. హైదరాబాదు పిల్లలు ఉదాహరణలు ఊహించి రాయనక్కర్లేదు, బస్సు బోర్డులు చదివితే చాలు. కోఠి అన్నది గురువు, లఘువు, అంటే హగణం. గోలకొండలో రెండు హగణాలున్నాయి. కొంపల్లి రెండు గురువులు, ఒక లఘువు, అంటే తగణం. మణికొండ రెండు లఘువులు, గురువు, లఘువు, అంటే సలము. ‘కోఠి గోలకొండ కొంపల్లి మణికొండ’ అని చదివితే మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, కోకారానికి కొంకారంతో యతి. అంటే ఇది లక్షణానికి కట్టుబడిన ఆటవెలది మొదటి పాదం (అర్థం సంగతి ఆర్టీసీ వారినే అడగాలి). రెండో పాదానికి కాచిగూడ, బోరబండ పనికొస్తాయి, ఒక్కొక్కటీ రెండేసి హగణాలు. ‘కాచిగూడ కోఠి బోరబండ’ అంటే గణాలన్నీ సరిపోతాయి గాని నాలుగో గణంలోని బోకారానికి కాకారంతో యతి కుదరదు. ఏ పేటను ఎక్కడికి మార్చాలన్న వెతుకులాటలో పిల్లలు చేసేది షరతులతో కూడిన అమరికల లెక్కే, ఇంటర్మీడియట్‌లో ప్రస్తారాలు, సంయోగాలన్న పేరుతో వాళ్లను భయపెట్టేది అదే.

మొత్తం ఎన్ని రకాల ఆటవెలదులు సాధ్యమన్న ప్రశ్న పదో తరగతికి వేయదగినది. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు. బేసి పాదానికి 2 × 2 × 2 × 6 × 6, అంటే 288 నడకలు. సరి పాదానికి రెండును అయిదుసార్లు గుణిస్తే 32. నాలుగు పాదాలకూ కలిపి 288 × 32 × 288 × 32, అంటే 8,49,34,656. యతిని లెక్కలోకి తీసుకోకుండా, గురులఘువుల నడకను మాత్రమే చూస్తే వచ్చే సంఖ్య ఇది. ఒకే గురులఘు వరసను రెండు రకాలుగా గణాలు విడదీసే అవకాశం ఉంటే ఈ లెక్క తప్పాలి కదా అని ఎవరైనా అడిగితే అది తరగతిలోకెల్లా మంచి ప్రశ్న. ఆరు ఇంద్రగణాలను రాసుకుని, ఏ గణమూ మరో గణానికి మొదటి భాగం కాదని సరిచూస్తే ఆ అనుమానం తీరుతుంది. సూర్యగణాల విషయంలో ఒకటి లఘువుతో, ఇంకొకటి గురువుతో మొదలవుతుంది గనక అసలు చిక్కే లేదు. ఇంగ్లీషు మీడియంలో లెక్కలు చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఈ పాఠం ఇంకో మేలు చేస్తుంది. పాఠ్యపుస్తకపు భాష అడ్డురాకుండా, నోట్లో ఉన్న భాషతోనే లెక్క కట్టవచ్చని తెలుస్తుంది.

నగరంలో తిరిగి చూపించే పాఠాలకు ఇంత బలం లేదు, కానీ ఒకటి రెండు విలువైనవి ఉన్నాయి. చార్మినార్‌ను సౌష్ఠవానికి ఉదాహరణగా చూపని బడి హైదరాబాదులో ఉండదు. 1591లో కట్టిన ఆ కట్టడం కింది భాగం చదరం, నాలుగు దిక్కులా నాలుగు కమానులు, నాలుగు మూలలా నాలుగు మినార్లు. తొంభై డిగ్రీలు తిప్పినా అలాగే ఉంటుందని పిల్లలు రాసుకుంటారు. అయితే పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే నాలుగు మలుపుల భ్రమణ సౌష్ఠవం పోతుంది. ఏ అంశాన్ని వదిలేస్తే సౌష్ఠవం ఉంటుంది, దేన్ని చేర్చితే పోతుంది అన్న చర్చ ఫొటో అతికించిన చార్టులో ఎన్నడూ రాదు. సంతోష్‌నగర్ దగ్గర, నిజాంల కాలపు పైగా ప్రభువంశం వారి సమాధుల జాలీల్లోని (చిల్లుల అల్లికగా చెక్కిన తెరల్లోని) నక్షత్రాలు, బహుభుజులు కోణాల పాఠానికి అక్కరకొస్తాయి. ఒక బిందువు చుట్టూ కోణాల మొత్తం 360 డిగ్రీలు కావాలి గనక 108 డిగ్రీల క్రమ పంచభుజులు ఒక్కటే వాడి జాలీ నింపడం కుదరదని అట్టముక్కలు కత్తిరించి చూస్తే అర్థమవుతుంది. పోచంపల్లి ఇక్కత్ కూడా చేరదగ్గదే, అక్కడ డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద పుట్టి, ఆ గళ్ల లెక్క ప్రకారం నూలుకు కట్లు కట్టి రంగు అద్దాక పడుగూ పేకా కలిసే చోట రూపు కడుతుంది. ఒక కట్టు జరిగితే బొమ్మ అంచు చెదురుతుంది, అంటే నిరూపకం తప్పింది. మగ్గం చూడకుండా వాట్సాప్ బొమ్మలతో చెబితే మాత్రం ఇందులో పస ఉండదు.

నాటకం, కథ, సంఖ్యలకు వేషాలు వేయించడం వంటివి ఈ కొలమానానికి నిలబడవు. సున్నా పాత్రధారి రుణ సంఖ్య పాత్రధారితో ఏం మాట్లాడినా నాటకం నడిచిపోతుంది, గణితం తప్పినా ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. వార్షికోత్సవానికి అది బాగుంటుంది. రంగస్థల కళల్లో జడ కోలాటం ఒక్కటి దీనికి మినహాయింపు. పైనుంచి వేలాడే తాళ్లను పట్టుకుని ఆడేవారు ఒకరినొకరు దాటుకుంటూ జడ అల్లి, తర్వాత అదే జడను విప్పుతారు. విప్పడానికి చివరి అడుగును ముందు వెనక్కి వేసి, మొదటి అడుగును చివర వెనక్కి వేయాలి. క్రమం తప్పితే తాళ్లు చిక్కుపడతాయి. విలోమ ప్రమేయాల సంయోగంలో, అంటే వరసగా చేసిన రెండు పనులను రద్దు చేసేటప్పుడు, క్రమం ఎందుకు తిరగబడుతుందో ఇంతకన్నా కళ్లకు కట్టినట్టు చూపించేది లేదు.

కళలోంచి గణితంలోకి వచ్చిన పిల్లలు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక గణిత నియమాన్ని పరిచయమున్న వస్తువుల ద్వారా నేర్చుకున్నవారికంటే ఊరూ పేరూ లేని గుర్తుల ద్వారా నేర్చుకున్నవారు దాన్ని కొత్త సందర్భానికి మెరుగ్గా అన్వయించారు. ఆ ప్రయోగాలు ప్రధానంగా కళాశాల విద్యార్థుల మీద జరిగాయి గనక బడి పిల్లలకు నేరుగా అంటగట్టకూడదు, కానీ హెచ్చరిక మాత్రం చెల్లుతుంది. ముగ్గులో గ.సా.భా. కనిపెట్టిన పిల్లవాడు రెండు డ్రమ్ముల నీళ్లను కొలిచే లెక్కలో దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. అందుకే ముగ్గు పాఠం తర్వాత ముగ్గు లేని లెక్కలు పది చేయించాలి. భిన్నాల కూడికలు, బీజీయ సమాసాల కారణాంక విభజన వంటివి చేతివాటం కావాలంటే అభ్యాసం తప్ప దారి లేదు. వాటికి బలవంతంగా కళను తగిలించడం కాలయాపన.

అడ్డంకులు ఊహించదగ్గవే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో మెటీరియల్ పంచే బడుల్లో నలభై అయిదు నిమిషాలు ఒక ముగ్గుకు ఇవ్వడానికి యాజమాన్యాలు ఒప్పుకోవు. వారం వారం జరిగే బిట్ పేపరు పరీక్షలో ముగ్గు రాదు కదా అన్న వాదన సిద్ధంగా ఉంటుంది. చాలా బడుల్లో డ్రాయింగు మాస్టారే లేరు, సంగీతం టీచరు వార్షికోత్సవం నెలలోనే కనిపిస్తారు. ముగ్గు ఆడపిల్లల పని అనుకుని మగపిల్లలు చేతులు కట్టుకుని కూర్చునే తరగతులుంటాయి, కొందరికి ముగ్గు ఇంటి ఆచారంలో భాగం కాదు. పాతబస్తీలోని తరగతికి జాలీ, అల్వాల్‌లోని తరగతికి ముగ్గు అని విభజించడం కన్నా రెంటినీ అందరికీ ఇవ్వడం మేలు. జాలీలోని నక్షత్రాన్ని గీయడానికి వృత్తాన్ని సమభాగాలు చేయడం, ముగ్గు చుక్కలను లెక్కపెట్టడం రెండూ ఒకే తరగతి పాఠాలే.

మార్కుల విషయం ఒక్కటి తేలితే మిగతావి కొంతవరకు సర్దుకుంటాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టును చార్టు అందంతో, అట్ట మందంతో కొలిచినన్నాళ్లు మెరుపు కాగితాల దుకాణాలే లాభపడతాయి. అయిదు వరసల్లో ఏడేసి చుక్కలున్న మెలికల ముగ్గును పూర్తిగా గీసి ఇచ్చిన విద్యార్థికి ఒక మార్కు చాలు. పన్నెండు వరసల్లో పద్దెనిమిదేసి చుక్కలున్న ముగ్గుకు ఎన్ని గీతలు కావాలో గీయకుండా చెప్పి, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాసినవారికి నాలుగు మార్కులు ఇవ్వవచ్చు. ఆ నాలుగు వాక్యాలను తరగతిలోనే, ఉపాధ్యాయుడి ఎదుటే రాయించాలి. ఇంటికి పంపితే మళ్లీ రాత్రి పదకొండింటికి అమ్మానాన్నలే రాస్తారు.